మా సోఫా కుషన్ల తరఫున నాలుగు మాటలు

సోఫా ఉన్నది కూర్చోవడానికే అని నమ్మేవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళను చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది. పాపం, వాళ్ళ ఇళ్ళలో కుషన్ కవర్లు కుట్టేవాళ్ళు లేరన్నమాట!

మా ఇంట్లో ఉన్నారు. మా అమ్మ నీలవేణి. గరివిడి పక్కనున్న మా ఊళ్ళో సగం జాకెట్లు అమ్మ కుట్టినవే. సోఫా సెట్టు కొన్న నాటి నుంచి ఆ చేతులు కుషన్ కవర్ల మీద పడ్డాయి. గుండ్రటివి, చదరపువి, గుండె ఆకారానివి, లేసువి, కుచ్చులవి, అద్దాలవి! మా ముందు గదిలోకి అడుగుపెట్టినవాళ్ళు "ఓలమ్మా!" అని నోరు తెరుస్తారు. ఆ తర్వాత ఎక్కడ కూర్చోవాలో తెలియక అలాగే నిలబడిపోతారు. ఒక ఇంటికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

అలాంటి కుషన్ల మీద ఈ మధ్య ఒక నింద పడింది.

అమ్మకు నడుము పట్టేసింది. ఇప్పుడు అమ్మ మంచం మీంచి లేవాలంటే ముందు పక్కకు తిరగాలి, తర్వాత గోడ పట్టుకోవాలి, ఆ తర్వాత రామతీర్థం రాముడిని తలుచుకోవాలి. మిషన్ ముందు స్టూలు మీద, వీపుకు ఏ ఆధారమూ లేకుండా పొద్దస్తమానం వంగి కుట్టడం వల్లనే ఇదంతా అని విజయనగరంలో డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట మా వీధికి చేరడమే ఆలస్యం, తీర్పు వచ్చేసింది.

"ఆ కుషన్లే సంపేస్తన్నాయి దాన్ని!"

నేను నలుగురిలో మాట్లాడలేను. ఎవరైనా నా పేరు అడిగినా అమ్మ వైపు చూస్తాను. అందుకే రాస్తున్నాను. నోరు లేని కుషన్ల తరఫున నాలాంటిది కాక ఇంకెవరు మాట్లాడతారు? అమ్మ నడుము బాగుపడాలని నాకూ ఉంది. అందరికన్నా ఎక్కువే ఉంది. కానీ నేరం ఎవరిదో తేల్చకుండా శిక్ష వేసేయడం న్యాయమా?

ముందుగా కుషన్లు మనకు చేస్తున్న మేలు ఏమిటో చూడండి.

కుషన్ లేని ఇంట్లో చుట్టం ఎలా కూర్చుంటాడు? వచ్చాడు, కూలబడ్డాడు. అంతే! అందులో ఆలోచన లేదు, వినయం లేదు. మా ఇంట్లో అలా కుదరదు. ముందు సోఫా అంతా కలయజూడాలి. తర్వాత ఒక కుషన్ పక్కకు జరపాలి. అది పక్కదాన్ని తోస్తుంది, పక్కది దాని పక్కదాన్ని తోస్తుంది, చివరిది కింద పడుతుంది. చుట్టం కంగారుగా వంగి దాన్ని ఎత్తి, దుమ్ము దులిపి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, సోఫా అంచు మీద రెండు వేళ్ళ మేర కూర్చుంటాడు. ఇక కాలు మీద కాలు వేసుకోవడాలు, రాజకీయాలు మాట్లాడుతూ చెయ్యి విసరడాలు ఉండవు. టీ తాగి మర్యాదగా వెళ్ళిపోతాడు. ఏ స్కూలు నేర్పింది ఈ క్రమశిక్షణ?

ఇక పొదుపు సంగతి. మా ఇంట్లో పాతబట్ట అనే మాట లేదు. ఉన్నది "ముక్క" ఒక్కటే. చిన్న చిరుగు కనబడిందంటే ఆ బట్ట మా అమ్మ కంటికి ముక్కగా మారిపోతుంది, అది ఎవరి ఒంటి మీద ఉన్నా సరే!

మా తాత జగన్నాధానికి ఒక పొందూరు పంచె ఉండేది. పెళ్ళిళ్ళకూ రామతీర్థానికీ తప్ప కట్టేవాడు కాదు. ఒక ఉదయం తాత పెట్టెంతా గాలించి, ఉత్త చేతులతో ముందు గదిలోకి వచ్చి, సోఫా ముందు ఆగిపోయాడు. కొత్త కుషన్ల మీద తన పంచె అంచు గుర్తుపట్టాడు.

"ఒసే బిందూ, ఇది నా పంచి కాదేటే?"

నేను అమ్మ వైపు చూశాను.

"సిరిగిపోనాది కదా మావా," అంది అమ్మ. "పెట్టిలో ఉంటే ఎలకలు కొట్టీసేవి."

"సిరుగు కుచ్చిళ్ళలోకి పోద్దే! ఎవుడికి కనబడతాది? ఇప్పుడు రాములోరి కాడికి నాను ఏటి కట్టుకెల్లాల? సోఫా కట్టుకెల్లాలా?"

"తెల్లగా ఎంత బాగున్నాయో ఓపాలి సూడు మావా."

తాత చూశాడు. వంగి మరీ చూశాడు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు చివరికి. "నాకంటే వాటికే బాగా కుదిరింది."

ఒక మనిషి తన పంచెను తనకంటే అందమైనదాని కోసం వదులుకోవడం త్యాగం కాదా? కుషన్లు లేకపోతే మా తాతలో ఈ గుణం ఉందని మాకు ఎప్పటికైనా తెలిసేదా?

కవర్ల సంగతి ఇలా ఉంటే, లోపల కూరేదాని సంగతి ఇంకా గొప్పది. మొదట్లో బూరుగు దూది కూరేవాళ్ళం. అది అయిపోయాక, ఇంట్లో మెత్తగా ఉన్నవన్నీ లోపలికి వెళ్ళాయి. గుండె ఆకారం కుషన్‌లో నా ఏడో తరగతి యూనిఫారం, నాన్న లుంగీ ఒకటి, ఒక దోమతెర ఉన్నాయి. మా ఇంట్లో ఏదైనా కనబడకపోతే మేం బీరువా వెతకం. వరసగా కుషన్లు నొక్కి చూస్తాం. ఎర్ర కుషన్ ఒకటి ఒక మూల కొంచెం గట్టిగా ఉంటుంది. టీవీ రిమోట్ మాయమైంది కూడా ఆ వారమే. నాన్నకు అనుమానం ఉంది. కానీ అది దగ్గర కుట్టు, విప్పితే బట్ట పాడైపోతుందని అమ్మ విప్పనివ్వదు. టీవీ దగ్గరికి నడిచి వెళ్ళి ఛానెల్ మార్చడం వల్ల నాన్న పొట్ట కూడా కొంచెం తగ్గింది. ఇది ఎవరి వల్ల?

నాలాంటి సిగ్గరులకైతే కుషన్ దేవుడిచ్చిన వరం. చుట్టాలు "బాగా సదువుతన్నావా?" అని అడిగినప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంచున దారం లాగుతూ, దానికే జవాబు చెప్పొచ్చు. నిజానికి నన్ను ముట్టుకోనివ్వరు. కుచ్చులు ఊడిపోతాయట. అయినా ఎదురుగా ఉందన్న ధైర్యం లేదూ!

ఊరి అభివృద్ధి సంగతి మరిచిపోయాను. ఎదురింటి లక్ష్మీనరసమ్మత్త మా కుషన్లు చూసి వెళ్ళిన మర్నాడే పెట్టె అడుగున పడి ఉన్న తన మిషన్ బెల్టు వెతికి తీసింది. వాళ్ళింట్లో సోఫా లేదు. లేకపోతే మాత్రం ఊరుకుంటుందా? టీవీకి కుట్టింది. మిక్సీకి కుట్టింది. ఫ్రిజ్ పిడికి చిన్న చొక్కా కుట్టింది. గ్యాస్ బండకు మూడు వరసల కుచ్చులతో లంగా కుట్టింది. అంత మంచి లంగా నాకు కూడా లేదు! బండ మార్చడానికి వచ్చినాయన దాన్ని విప్పడానికి మొహమాటపడి అటు తిరిగి నిలబడ్డాడట. స్త్రీల పట్ల గౌరవం పెరగడం లేదని బాధపడేవాళ్ళు మా వీధికి రండి!

ఇన్ని మేళ్ళు చేసిన కుషన్లను ఇప్పుడు దోషులుగా నిలబెట్టారు. అందుకే ఆ రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

డాక్టరమ్మ మందులు రాసి, "స్టూలు మానేసి కుర్చీ వేసుకోండి. వీపు వెనక ఒక మెత్తటి దిండు పెట్టుకోండి. మీ ఇంట్లో చిన్న దిండు ఉందా?" అని అడిగింది.

మా నాన్న సూర్యారావు పెద్దగా నవ్వాడు. అమ్మ తల దించుకుంది. ఎందుకు నవ్వాడో డాక్టరమ్మకు అర్థం కాలేదు.

ఇంటికి రాగానే నాన్న స్టూలు తీసి పెరట్లో పడేసి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మిషన్ ముందు వేశాడు. నువ్వుల చేను తప్ప ఇంకో విషయం పట్టించుకోని మనిషి ఇంత చేయడం మాకే ఆశ్చర్యం. తర్వాత సోఫా దగ్గరికి వెళ్ళాడు.

"ఈ ఎర్రది పెట్టుకో."

"అదా! దాని జోడీ విడిపోద్ది."

"మరి ఈ అద్దాలది?"

"ఈపుకి గుచ్చుకోవేటి?"

"గుండికాయ లాంటిది?"

"ఆనుకుంటే నలిగిపోద్దయ్యా. మల్లీ ఆ షేపు రాదు."

"పోనీ అయ్య పంచి."

అమ్మ నిజంగా భయపడింది. "పొందూరు బట్టకి నా సెమట అంటితే ఇంకేటైనా ఉన్నాదా? ఎవులైనా వొచ్చినప్పుడు మాసిన కుషను ఏస్తామేటి?"

"ఎవులొస్తారే?"

"ఎవులో ఒకలు వస్తారు."

పాఠకులారా, ఈ "ఎవరో ఒకరు" ఎవరో మీకు తెలుసా? మా ఇంట్లో అందరికన్నా పెద్ద మనిషి ఆయనే. మంచి స్టీలు గ్లాసులు ఆయన కోసమే పైన ఉన్నాయి. కవరు చించని దుప్పటి ఆయనదే. జీడిపప్పు డబ్బా ఆయనదే. నేను పుట్టిన దగ్గర నుంచి ఆయన వస్తాడని ఎదురుచూస్తూనే ఉన్నాం. ఆయనకు చెమట పట్టదు. ఆయన తలకు నూనె ఉండదు. ఆయన ఆనుకుంటే కుషన్ నలగదు. అంత గొప్పవాడు వచ్చేదాకా మనం ఆనుకుంటే ఏం బాగుంటుంది?

కాబట్టి అన్ని కుషన్లున్న ఇంట్లోంచి మేం బయల్దేరి గరివిడి వెళ్ళి ఒక దిండు కొన్నాం!

నవ్వకండి. షాపు కొండబాబు కూడా ఇలాగే నవ్వాడు. అమ్మ లేసులు, జిప్పులు, అద్దాలు కొనేది అతని ఫ్యాన్సీ షాపులోనే.

"అదేటి వదినా! జిల్లాలో సోఫాలన్నిటికీ దిండ్లు నువ్వే కుట్టేలాగ జిప్పులట్టుకెల్తావు. నువ్వొచ్చి దిండు కొనడమేటి?"

"ఇది వాడుకోడానికి," అంది అమ్మ.

కొండబాబు తల ఊపి దిండు పొట్లం కట్టేశాడు. అతని ఇంట్లో కూడా సోఫా ఉందనుకుంటాను.

ఆ దిండు బూడిద రంగులో, ఏ కుచ్చూ లేకుండా, బోసిగా, మెత్తగా ఉంది. అమ్మ మొదటిసారి దానికి ఆనుకుని మిషన్ తొక్కినప్పుడు నేను గుమ్మంలోంచి చూశాను. కుడుతూ కుడుతూ ఆగింది. వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. మా అమ్మ కూర్చుని కళ్ళు మూసుకోవడం నేను బస్సులో తప్ప చూడలేదు. మర్నాడు మంచం మీంచి లేచేటప్పుడు రాముడిని తలుచుకోలేదు. ఆ వారమంతా కూనిరాగం తీస్తూ కుట్టింది.

అంత సుఖం ఎక్కువ రోజులు ఉంటే మనిషి చెడిపోడూ? సమయానికి లక్ష్మీనరసమ్మత్త వచ్చింది, కొలతకు ఆది జాకెట్టు ఇవ్వడానికి.

"ఏటే నీలవేణీ, ఇదేటి ఈ బోడి దిండు? లోకానికంతటికీ అలంకారాలు సేసి, నీ ఎనకాల ఇలాంటిది ఎట్టుకుంటావేటి? ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?"

"ఊరికే, నడుముకని…" అంది అమ్మ. దొంగసొత్తుతో దొరికినట్టు దిండు వెనక్కి తోసింది.

"నడుముదేటుందే, అందరికీ ఉన్నాది!"

అత్త వెళ్ళగానే అమ్మ టేపు తీసింది. నేను "ఎందుకమ్మా?" అన్నాను.

"కవరేసేత్తే మురికి పట్టదే. ఎంత సేపు? సిటికెలో అయిపోద్ది."

చిటికెలో కాలేదు. మామూలు కవర్ అయితే అయ్యేది. కానీ అమ్మ చేతులు మామూలువి కుట్టలేవు. గంధం రంగు బట్ట, మెరూన్ పైపింగు, నాలుగు మూలలా నెమలి ఈకల కుట్టు. కొలత సరిపోయిందా లేదా అని మాటిమాటికీ తొడిగి చూడాలి కాబట్టి దిండు ఒళ్ళో ఉండేది. వీపు వెనక ఏముంది? ఏమీ లేదు. నడుముకు కొన్న దిండుకు కవర్ కుట్టడానికి అమ్మ నడుము మళ్ళీ వంగింది. చివరి నెమలి కన్ను కుట్టేసరికి ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో నడుము పట్టుకుంది.

కవర్ మాత్రం అన్నిట్లోకీ బాగా వచ్చింది! ఎంత బాగా అంటే, తయారైన రోజునే దానికి సోఫాలో నడిమధ్య చోటు దొరికింది. ప్లాస్టిక్ కుర్చీని గిన్నెల రాక్ అందడం లేదని వంటింట్లోకి లాక్కెళ్ళారు. పెరట్లోంచి స్టూలు తిరిగొచ్చింది.

అప్పుడు నాకు నమ్మకం కొంచెం సడలిందని ఒప్పుకుంటాను. వీధి చెప్పింది నిజమేనేమో, కుషన్లదే తప్పేమో అనిపించింది. అసలు నిజం తేల్చే రుజువు మొన్న ఆదివారం దొరికింది.

మా వెంకటేష్ మావయ్య, అంటే మా నాన్న అక్క భర్త, రామతీర్థంలో దర్శనం చేసుకుని మా ఇంటికి వచ్చాడు. అనుకోకుండా వచ్చాడు, అంటే "ఎవరో ఒకరు" ఆయనే! తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి ఉన్నాడు. వస్తూనే రెండు కుషన్లు జరిపి కూర్చున్నాడు. మధ్యలో ఉన్న కొత్తదాన్ని లాగి మెడ వెనక పెట్టుకుని, నెమలి మీద తల ఆనించాడు.

 అమ్మ వైపు చూశాను.

"మాసిపోద్దేమో సెల్లీ?" అన్నాడు మావయ్యే, కొంచెం ఇబ్బందిగా.

"అయ్యో, ఆనుకో అన్నయ్యా! మాస్తే ఉతుక్కోనేటి?" అంది అమ్మ నవ్వుతూ.

"మిగతావి ఎలాగున్నా, ఈ దిండు మాత్రం పేణానికి హాయిగా ఉన్నాదమ్మా. ఇలాంటిదొకటి నాకూ కుట్టి పెట్టు. బండి మీద తిరిగీ తిరిగీ నడుం పోతన్నాది."

"దానికేటి అన్నయ్యా, ఈ వారంలోనే కుట్టీగలను," అంది అమ్మ. అంటూ గుమ్మం పట్టుకుంది.

నాన్న మావయ్య పక్కన కూర్చున్నాడు. తాత ఒక సింగిల్ సోఫాలో ముందుకు ఒరిగి కూర్చున్నాడు, వెనకున్న తన పంచె కుషన్ నలగకుండా. టీలు అయ్యాయి. ధాన్యం రేటు, నువ్వుల పంట, మావయ్య కొత్త బండి మాట్లాడుకుంటున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి రెండో కాలి మీదికి మార్చుకుంటోంది.

అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. నేను అనుకుని అన్నది కాదు.

"అమ్మా, నువ్వూ కూకో."

 మావయ్య నా వైపు తిరిగాడు. "ఓరి! గుంటకి మాటలొచ్చీసినాయి బావా!" అని నవ్వాడు. అందరూ నవ్వారు.

"ఎక్కడ కూకోమంటావే? సోటేది?" అంది అమ్మ కూడా నవ్వుతూ.

నిజమే! రెండో సింగిల్ సోఫా నిండా కుషన్లే. పెద్ద సోఫాలో నాన్న పక్కన మిగిలిన చోటంతా కుషన్లే. అంటే అమ్మను కూర్చోనివ్వనిది కూడా ఇవేనా? నేను వెళ్ళి ఎర్రవాటిని తీశాను, గుండెను తీశాను, అద్దాలవాటిని తీశాను. అన్నీ చేతుల్లోకి ఎత్తుకుని తీసుకెళ్ళి మిషన్ మీద గుట్టగా పోశాను. తిరిగి వచ్చి చూస్తే మా సోఫా సెట్టు ఎంత పెద్దదో! సింగిల్ సోఫా మొత్తం ఖాళీ. దాని అసలు రంగు ఆకుపచ్చ అని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

"కూకోమ్మా సెల్లీ," అన్నాడు మావయ్య.

"కూకోయే," అన్నాడు నాన్న.

"అలగ నిలబడతావేటే, కూకో," అన్నాడు తాత.

"మీరు కూకోండి, మీరు కూకోండి," అంది అమ్మ. "పొయ్యి మీద కూరున్నాది."

పొయ్యి మీద కూర లేదు. దించి మూత పెట్టింది నేనే. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. తిరిగి వచ్చి, గుమ్మానికి నడుము ఆనించి అక్కడే నిలబడింది. వాళ్ళు మళ్ళీ ధాన్యం రేటులో పడ్డారు.

కాబట్టి పాఠకులారా, కుషన్లను ఎవరూ ఏమీ అనకండి. వాటిని తీసేసి మరీ చూశాను. వాటి తప్పు ఇసుమంత కూడా లేదు. మరి తప్పు ఎవరిది అంటే నేను చెప్పలేను. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే. కూర్చోమని ముగ్గురూ అన్నారు. వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

పోనీ, ఖాళీగా ఎందుకు ఉండాలి, నేనైనా కూర్చుందామని ఆ ఆకుపచ్చ సోఫా దాకా వెళ్ళాను. మావయ్య తల ఎత్తి చూశాడు. నాకు ఏదో పని గుర్తొచ్చినట్టు అనిపించింది. ఏం పనో ఇప్పటికీ గుర్తు రాలేదు.

గుమ్మానికి రెండో పక్క ఖాళీగా ఉంది. వెళ్ళి దానికి ఆనుకుని నిలబడ్డాను.